అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బకాయిలు వసూలు చేయడం, లెక్కలు నడపడం: చిన్న పట్టణాల అసోసియేషన్లకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండలో 30 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌కు నాలుగేళ్లు ట్రెజరర్‌గా చేశాను. ఆ పని దిగిపోయినా ఫోన్లు మాత్రం ఆగలేదు. మిర్యాలగూడ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఒకరు, మహబూబ్‌నగర్ నుంచి ఇంకొకరు. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, పది మంది కడ్తలేరు. ఏం జేయాలె?"

నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "పోయిన నెల జమాఖర్చు కాగితం మీద ఉందా?" చాలాసార్లు అవతల కాసేపు మాట రాదు. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి ఐదు మెట్లు మన ఇల్లు చక్కదిద్దుకోవడం గురించే. వసూలు ఆరో మెట్టు నుంచి మొదలవుతుంది. తొందరపడి అక్కడికి దూకితే, "ముందు నీ లెక్క చూపియ్" అనే మాట దగ్గరే ఆగిపోతారు.

1. ముందు మూడు కాగితాలు వెతికి పట్టుకోండి

మొదటిది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. మన దగ్గర చాలా అసోసియేషన్లు తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదై ఉంటాయి. కొన్ని 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఉంటాయి. మీది ఏదో చూసుకోండి. రిజిస్టర్ కాని సంఘం నోటీసు ఇచ్చినా, కోర్టుకు వెళ్లినా మొదటి అభ్యంతరం అక్కడే వస్తుంది. 2001 చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు.

రెండోది బైలాస్, అంటే సంఘం రాసుకున్న నియమావళి. మొత్తం చదవకపోయినా ఐదు విషయాలు గుర్తు పెట్టుకోండి: చార్జీ ఏ లెక్కన పంచాలి, గడువు ఏ తేదీ, ఆలస్యానికి వడ్డీ ఉందా, బకాయి ఉన్నవాళ్లకు ఓటు ఉందా, కేసు వేస్తే ఎవరి పేరు మీద వేయాలి. చిన్న ఊళ్లలో బైలాస్‌ను హైదరాబాద్‌లోని ఏదో పెద్ద కాలనీ నుంచి దించేస్తారు. మా దాంట్లో స్విమ్మింగ్ పూల్ రుసుము గురించి పేజీ నిండా ఉంది. మాకున్నది ఒక సంపు.

మూడోది ఓనర్ల జాబితా. ఫ్లాట్ నంబర్, రిజిస్ట్రీలో ఉన్న పేరు, ఫోన్, ఓనర్ ప్రస్తుతం ఉంటున్న చిరునామా, కిరాయికి ఉంటే కిరాయిదారు పేరు. చిరునామా ఇప్పుడే తీసుకోండి. గొడవ మొదలయ్యాక ఎవరూ ఇవ్వరు.

చూసుకోండి:
☐ రిజిస్ట్రేషన్ నంబరు, సర్టిఫికెట్ జిరాక్స్
☐ బైలాస్, తీర్మానాల పుస్తకం
☐ 30 ఫ్లాట్లుంటే 30 ఓనర్ల చిరునామాలు, 27 కాదు
☐ ప్రస్తుత కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు పంపిన రుజువు

2. డబ్బు వచ్చే దారి ఒక్కటే ఉండాలి

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు, మెయింటెనెన్స్ ట్రెజరర్ సొంత ఫోన్‌పే నంబరుకు రావడం. నేను పని తీసుకున్నప్పుడు మా దగ్గరా అంతే. ముందున్న ఆయన నిజాయితీపరుడే. కానీ ఆయన గ్యాస్ బండ, పిల్లల ఫీజు, మా లిఫ్ట్ బిల్లు అన్నీ ఒకే స్టేట్‌మెంట్‌లో ఉన్నాయి. మూడేళ్ల లెక్క విడదీయడానికి మాకిద్దరికీ రెండు నెలలు పట్టింది. ఆయన తినలేదని అందరికీ తెలుసు, తినలేదని చూపించే కాగితం మాత్రం లేదు.

చేయాల్సింది ఇది. అసోసియేషన్ పేరు మీద పాన్ తీసుకోండి. అదే పేరుతో బ్యాంకు ఖాతా తెరిచి, చెక్కుకు రెండు సంతకాలు తప్పనిసరి చేయండి. ఆ ఖాతాకు కట్టిన క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి లిఫ్ట్ పక్కన అతికించండి. పంపేటప్పుడు నోట్‌లో "302 జులై" అని రాయమని అందరికీ చెప్పండి. లేకపోతే నెలాఖరుకు ముగ్గురు శ్రీనివాస్‌ల పేర్లతో వచ్చిన 1,600లు ఏ ఫ్లాటువో తేల్చుకోలేరు.

నగదు ఇచ్చే పెద్దవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను యూపీఐకి మార్చాలని పట్టుబట్టకండి. వరుస నంబర్లున్న రసీదు పుస్తకం పెట్టుకుని, వచ్చిన నగదును మరుసటి బ్యాంకు పనిదినం నాడే జమ చేయండి. వచ్చిన నగదులోంచే ప్లంబర్‌కు ఇచ్చేయడం అలవాటైతే లెక్క అక్కడే తెగిపోతుంది. చిల్లర ఖర్చులకు 3,000 రూపాయలు విడిగా తీసి పెట్టుకుని, బిల్లులు చూపించి మళ్లీ నింపుకోండి.

బతుకమ్మ, వినాయక చవితి చందాలకు వేరే పుస్తకం పెట్టండి. మెయింటెనెన్స్ ఖాతాలోంచి డీజేకు డబ్బులిచ్చిన నెల నుంచి, పండుగ చేసుకోని ఇల్లు మెయింటెనెన్స్ కట్టడం ఆపడానికి మంచి కారణం దొరుకుతుంది.

3. నెలకు ఎంత కావాలో ముందు లెక్క కట్టండి

"పక్క అపార్ట్‌మెంట్‌లో 1,200 తీసుకుంటున్నారు, మనమూ అంతే" అని పెట్టిన చార్జీతో వేసవి రాగానే ఖాతా ఖాళీ అవుతుంది. పోయిన 12 నెలల బిల్లులు ముందేసుకుని పట్టిక రాయండి. ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చును 12తో భాగించి నెల ఖర్చులో కలపండి. 30 ఫ్లాట్లకు ఒక నమూనా:

- వాచ్‌మన్ జీతం: 14,000
- కామన్ మీటర్ కరెంటు బిల్లు (లిఫ్ట్, మోటార్లు, మెట్ల లైట్లు): 11,000
- ఊడ్చడం, కడగడం, చెత్త: 6,000
- లిఫ్ట్ ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం (ఏడాదికి 42,000): 3,500
- వేసవి ట్యాంకర్లు (ఏడాదికి 36,000): 3,000
- జనరేటర్ డీజిల్: 2,500
- సంపు, ట్యాంకు శుభ్రం, మోటారు రిపేరు: 2,000
- స్టేషనరీ, బ్యాంకు, ఇతరాలు: 1,000
- రిపేర్ల నిధికి: 5,000

మొత్తం 48,000. ఫ్లాటుకు 1,600.

మన దగ్గర చాలామంది మరిచేది ట్యాంకర్ల పద్దు. మార్చి దాటితే బోరు ఎప్పుడు గాలి కొడుతుందో చెప్పలేం. మిషన్ భగీరథ నల్లా ఉన్నా, ముప్పై ఇళ్లకు అది సరిపోని రోజులుంటాయి. అప్పటికప్పుడు "తలా 500 ఇయ్యండి" అని ఇల్లిల్లూ తిరిగితే ఇచ్చినవాళ్లే ఇస్తారు, ఇవ్వనివాళ్లు అవే నీళ్లు వాడుకుంటారు. అందుకే ఏడాది పొడవునా కొంచెం కొంచెం పక్కన పెట్టాలి. వాచ్‌మన్‌కు దసరా ఇనామ్ కూడా ఇలాగే ముందే పట్టికలో ఉండాలి.

ఫ్లాట్లన్నీ ఒకే సైజు అయితే సమానంగా పంచండి. తేడా ఎక్కువగా ఉంటే చదరపు అడుగుకు లెక్క కట్టండి. పై ఉదాహరణలో మొత్తం విస్తీర్ణం 36,000 చదరపు అడుగులైతే అడుగుకు 1.33 రూపాయలు పడుతుంది. 1,000 అడుగుల ఫ్లాటుకు సుమారు 1,333, 1,500 అడుగులదానికి 2,000. ఏది ఎంచుకున్నా బైలాస్‌తో సరిపోవాలి, లేదా బైలాస్‌ను సవరించుకోవాలి.

కార్పస్ ఫండ్, అంటే పెద్ద పనుల కోసం దాచిన మూలనిధి, వేరు. బిల్డర్ దగ్గర నుంచి వచ్చినా, ఓనర్లు వేసుకున్నా, దాన్ని ఎఫ్‌డీలో ఉంచి లిఫ్ట్ మార్చడం, పెయింటింగ్, కొత్త బోరు లాంటి పెద్ద పనులకే తీయండి. వసూలు తగ్గిన నెల వాచ్‌మన్ జీతం కార్పస్‌లోంచి ఇచ్చారంటే, కట్టేవాళ్ల డబ్బుతో కట్టనివాళ్లను పోషిస్తున్నారన్నమాట. అది ఎవరికీ కనపడదు కాబట్టి ఎవరూ అడగరు కూడా.

4. ఫ్లాటుకో పేజీ

వంద పేజీల రిజిస్టర్ చాలు, ఎక్సెల్ వస్తే ఇంకా మంచిది. ఒక్కో ఫ్లాటుకు ఒక్కో పేజీ. ఆరు గడులు: నెల, కట్టాల్సింది, కట్టింది, తేదీ, రసీదు లేదా యూపీఐ నంబరు, మిగిలిన బకాయి.

వచ్చిన డబ్బు ఏ నెలకు జమ చేశారో రసీదు మీద రాయండి. ఆరు నెలల బకాయి ఉన్నాయన 1,600 పంపితే, ఆయనేమో ఈ నెలది కట్టాననుకుంటాడు, మీరు ఆరు నెలల కిందటిది అనుకుంటారు. కట్టేవాడు ఫలానా నెలకని చెప్పి ఇస్తే దానికే జమ చేయాలి. ఏమీ చెప్పకపోతే పాత నెల నుంచి సర్దుకుంటామని ముందే తీర్మానం చేసుకోండి.

పాత బకాయి అంకెలు వివాదంలో ఉంటే ఇలా చేయండి. మీ దగ్గరున్న లెక్కను ఫ్లాటువారీగా ప్రింట్ తీసి ఇచ్చి, 15 రోజుల్లో రసీదులు గానీ స్క్రీన్‌షాట్లు గానీ చూపిస్తే సరిచేస్తామని చెప్పండి. మేము చేసినప్పుడు ముగ్గురు నిజంగానే కట్టారని తేలింది. తప్పు మా పుస్తకానిదే. ముందే నోటీసు ఇచ్చి ఉంటే తల ఎత్తుకోలేకపోయేవాళ్లం.

5. గడువు, వడ్డీ: తీర్మానం లేకుండా ఏదీ అడగకండి

సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగూ తీర్మానం చేయించి, మినిట్స్ పుస్తకంలో రాసి, హాజరైనవాళ్ల సంతకాలు తీసుకోండి.

☐ గడువు: ప్రతి నెల 10వ తేదీ. ఉద్యోగుల జీతాలు, పింఛన్లు అప్పటికి వచ్చేస్తాయి.
☐ ఆలస్యానికి సాధారణ వడ్డీ: నెలకు ఒక శాతం పెట్టుకుంటే 1,600కు నెలకు 16 రూపాయలు.
☐ ఏడాది డబ్బు ఏప్రిల్‌లోనే కడితే చిన్న రాయితీ. ఊర్లో లేనివాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది.
☐ వడ్డీ మాఫీ చేసే అధికారం సర్వసభ్య సమావేశానికే. అసలు సొమ్ము మాఫీ ఎవరికీ లేదు.

వడ్డీని తీర్మానం తేదీ నుంచే వేయండి. వెనక్కి వెళ్లి మూడేళ్ల వడ్డీ కలిపితే బకాయిదారు అసలు సొమ్ము కూడా ఇవ్వడు. రోజుకు 100 రూపాయల జరిమానా లాంటివి వినడానికి గట్టిగా ఉంటాయి గానీ, వసూలు కావు. కోర్టు ముందు నిలబడటమూ కష్టమే.

6. కట్టనివాళ్లంతా ఒకటి కాదు

అసలు పని ఇది. బకాయి జాబితా తీసి, ఒక్కో పేరు పక్కన కారణం రాయండి. కారణం తెలియకపోతే కనుక్కోండి. అందరికీ ఒకే నోటీసు పంపడం సులువు, కానీ దాంతో మంచివాడు నొచ్చుకుంటాడు, మొండివాడు నవ్వుకుంటాడు.

ఊర్లో లేనివాళ్లు. తల్లిదండ్రులు ఇక్కడ ఉంటారు, ఫ్లాటు కొన్న కొడుకు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. పెద్దాయనను మెట్ల దగ్గర ఆపి అడగకండి. కొడుక్కే నేరుగా మెసేజ్ పెట్టండి. ఏప్రిల్‌లో ఏడాది బిల్లు ఒకేసారి పంపితే చాలామంది ఆ రోజే వేసేస్తారు. దసరాకు, సంక్రాంతికి వచ్చినప్పుడు కలవవచ్చు గానీ, పండుగ పూట కాదు. పండుగ మరునాడు.

అలిగినవాళ్లు. నా అనుభవంలో పెద్ద బకాయిలన్నీ వీళ్లవే. "నా ఇంట్ల గోడెంట నీళ్లు కారుతున్నయ్. అది చేసి పైసలడుగుండ్రి" అంటారు. "ముందు కట్టు, తర్వాత చూద్దాం" అన్నారో, ఆ తలుపు మూసుకుపోయినట్టే. ఫిర్యాదు రాతలో తీసుకుని, తేదీ వేసి, ప్లంబర్‌తో కలిసి వెళ్లి చూడండి. నీళ్లు కామన్ పైపు నుంచి వస్తుంటే ఖర్చు అసోసియేషన్‌ది. పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి వస్తుంటే ఆ ఓనర్‌ది. ఫ్లాటు స్వాధీనం చేసి ఐదేళ్లు కాకుండా, ప్రాజెక్టు రెరా (బిల్డర్లను నియంత్రించే స్థిరాస్తి చట్టం) కిందకు వస్తే, నిర్మాణ లోపాన్ని తెలిపిన 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా సరిచేయాలి. మా 203 ఓనర్ 11 నెలలు కట్టలేదు. చూస్తే బయటి డ్రైనేజీ పైపు జాయింటు పగిలింది. 3,800 ఖర్చుతో పని అయిపోయింది. మరుసటి వారం ఆయన 17,600 ఒకేసారి వేశాడు, పైగా చాయ్‌కి పిలిచాడు.

కింది అంతస్తువాళ్లు. "మాకు లిఫ్ట్ ఎందుకు?" వాదించి గెలవలేరు. లిఫ్ట్ అందరి ఆస్తి, బైలాస్‌లో ఉన్న వాటా అందరూ కట్టాలి, తగ్గింపు కావాలంటే సర్వసభ్య సమావేశంలో అడగండి అని చెప్పి అక్కడితో ఆపండి. నా మటుకు నాకు కింది అంతస్తుకు లిఫ్ట్ కరెంటులో కొంత తగ్గించడం తప్పనిపించదు. కానీ అది నేనొక్కణ్ని చేసే నిర్ణయం కాదు.

చేతిలో డబ్బు లేనివాళ్లు. మన పట్టణాల్లో ఫ్లాటు ఓనర్లలో రైతులు తక్కువేం కాదు. పిల్లల చదువు కోసం ఇక్కడుంటారు, పొలం ఊర్లో ఉంటుంది. "వడ్లు కాంటా అయినంక ఇస్త సారు" అంటే అది తప్పించుకోవడం కాదు, ఆయన ఆదాయం వచ్చే తీరే అంత. అలాంటివాళ్లకు నెల గడువు బదులు వానాకాలం పంట తర్వాత ఒకసారి, యాసంగి తర్వాత ఒకసారి, ఆరు నెలలది కలిపి కట్టే వీలు తీర్మానంలోనే పెట్టండి. మా దగ్గర ఇద్దరికి అలా చేశాం, ఇద్దరూ ఎన్నడూ తప్పలేదు. ఆసుపత్రి ఖర్చుల్లో ఉన్న ఇంటికి మాత్రం కొన్ని నెలలు ఎవరూ వెళ్లకండి.

ఓనర్, కిరాయిదారు ఒకరినొకరు చూపించుకునేవాళ్లు. కిరాయి ఒప్పందంలో ఏముందన్నది వాళ్లిద్దరి గొడవ. సభ్యుడు ఓనర్, బాధ్యత ఓనర్‌దే. కిరాయిదారు కడితే రసీదు ఓనర్ పేరు మీద, ఫ్లాట్ నంబర్ మీద ఇవ్వండి.

అమ్ముడుపోని ఫ్లాట్లున్న బిల్డర్. వాటికి ఓనర్ ఆయనే కాబట్టి వాటా ఆయనే కట్టాలి. మాటల్లో వదిలేయకుండా ప్రతి నెలా బిల్లు పంపండి. కార్పస్ అప్పగింత, ప్లాన్లు, లిఫ్ట్ కాగితాలు రాకపోతే అవీ అదే ఉత్తరంలో అడగండి. ప్రాజెక్టు రెరాలో నమోదై ఉంటే ఫిర్యాదు చేసే దారి ఉంది.

ఓనర్ చనిపోయిన ఫ్లాట్లు. వారసులు తేలే దాకా బిల్లు ఆపకండి. తెలిసిన వారసులందరికీ కాపీ పంపుతూ ఉండండి.

ఇవన్నీ తీసేశాక మిగిలేవాళ్లే మొండివాళ్లు. మా జాబితాలో తొమ్మిది మంది ఉంటే చివరికి ఒక్కరే తేలారు.

7. అడిగే క్రమం

మెట్టు దాటి మెట్టు ఎక్కకండి. ప్రతి మెట్టుకూ రుజువు ఉంచుకోండి.

11వ తేదీ: విడిగా మెసేజ్, గ్రూపులో కాదు. "నమస్తే సార్. ఫ్లాట్ 302 జులై మెయింటెనెన్స్ రూ.1,600 ఇంకా జమ కాలేదు. ఇప్పటికే పంపి ఉంటే స్క్రీన్‌షాట్ పెట్టండి, లెక్కలో రాసుకుంటాను."

నెలాఖరు: ఫోన్. బకాయి మాట కంటే ముందు "ఇంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా సార్" అని అడగండి. కారణం అప్పుడే బయటపడుతుంది.

రెండు నెలలు దాటితే: ఇద్దరు కలిసి ఇంటికి వెళ్లండి. ఒక్కరే వెళ్తే మాట మీద మాట పెరుగుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు ఆయనకు నచ్చిన మనిషై ఉండాలి. ఆయన పేజీ జిరాక్స్ తీసుకెళ్లండి.

మూడు నెలలు దాటితే: అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం. నెలలవారీ పట్టిక, తీర్మానం తేదీ, 15 రోజుల గడువు ఉండాలి. చేతికిచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు వచ్చే రుజువు ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టండి.

ఆరు నెలలు దాటితే: కమిటీ తీర్మానంతో లాయర్ నోటీసు. దానికయ్యే ఖర్చు ఎంతో ముందే కనుక్కుని తీర్మానంలో రాయండి.

8. వాయిదాల ఒప్పందం, ఆ ఒక్క సంతకం

పెద్ద బకాయి ఒకేసారి రాదు. ఈ నెలది ఆగకుండా వస్తూ, దానితో పాటు పాతదొకటి తీరేలా వాయిదా పెట్టండి. నమూనా:

"నేను ఫ్లాట్ నంబర్ 403 యజమానిని. 2025 ఏప్రిల్ నుంచి 2026 మే వరకు 14 నెలల మెయింటెనెన్స్ రూ.22,400 అసోసియేషన్‌కు బాకీ ఉన్నానని ఒప్పుకుంటున్నాను. 2026 జూన్ నుంచి ప్రతి నెల 10లోపు, ఆ నెల మెయింటెనెన్స్‌తో పాటు రూ.1,600 చొప్పున 14 వాయిదాల్లో తీరుస్తాను. వరుసగా రెండు వాయిదాలు తప్పితే మిగతా మొత్తం ఒకేసారి కట్టాలని నాకు తెలుసు." కింద తేదీ, సంతకం, ఇద్దరు సాక్షులు.

ఈ కాగితం విలువ వాయిదాలతోనే అయిపోదు. డబ్బు రాబట్టే దావాకు లిమిటేషన్ చట్టం, 1963 ప్రకారం మామూలుగా మూడేళ్ల గడువు. ప్రతి నెల బకాయికీ దాని గడువు దానిదే. 2023 జూన్ 10న కట్టాల్సినదానికి 2026 జూన్ 10 దాటితే కోర్టులో అడగడం కష్టం. ఆ మూడేళ్లు ముగిసేలోపే బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. వాట్సాప్‌లో "ఇస్తా సార్" అన్నదాని మీద ఆధారపడకండి. మీ జాబితాలో రెండున్నరేళ్లు దాటిన నెలలను ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, వాటి సంగతే ముందు చూడండి.

9. లోక్ అదాలత్, ఆ తర్వాతే కోర్టు

లాయర్ నోటీసుకూ కదలకపోతే నేరుగా దావా వేయకండి. జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కోసం దరఖాస్తు ఇవ్వవచ్చు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఈ సంస్థలున్నాయి. కోర్టు ఫీజు ఉండదు. అవతలి వ్యక్తికి నోటీసు వాళ్లే పంపుతారు. రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకు (రాజీ ఉత్తర్వుకు) సివిల్ కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో, సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు.

అవతలి వ్యక్తి ఒప్పుకోకపోతే మాత్రం లోక్ అదాలత్ బలవంతం చేయలేదు. అప్పుడు సివిల్ కోర్టులో డబ్బు దావా. చిన్న మొత్తానికి ఖర్చు, తిరుగుడు రెండూ ఎక్కువ కాబట్టి, ఒకరిద్దరు పెద్ద బకాయిదారుల మీదే వేయడం మేలని నా అభిప్రాయం.

ఫైల్‌లో ఉండాల్సినవి:
☐ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్
☐ చార్జీ నిర్ణయించిన తీర్మానం
☐ కేసు వేయడానికి ఫలానావారికి అధికారం ఇస్తూ తీర్మానం
☐ ఆ ఫ్లాట్ పేజీ, బ్యాంకు స్టేట్‌మెంట్
☐ ఉత్తరాలు, డెలివరీ రుజువులు
☐ సంతకం చేసిన ఒప్పుకోలు ఉంటే అది

10. కోపంతో చేసే పనులు, వాటి బదులు చేయాల్సినవి

నీళ్లు ఆపకండి. కరెంటు తీయకండి. ఫ్లాటు మీటరు విద్యుత్ పంపిణీ సంస్థది, దాని మీద మీకు అధికారం లేదు. ఆ ఇంట్లో పసిపిల్లో, మంచం పట్టిన ముసలమ్మో ఉంటే మీ బకాయి కథ పోలీస్ స్టేషన్ కథ అవుతుంది. ఒక అపార్ట్‌మెంట్‌లో వాల్వ్ తిప్పేసి, మూడో రోజు కమిటీయే క్షమాపణ చెప్పుకున్న సంగతి నాకు తెలుసు. ఆ తర్వాత ఆ ఇంటి ఓనర్‌ను బకాయి అడిగే ధైర్యం ఎవరికీ రాలేదు.

పేర్లు రాసి గేటుకు అతికించడం కూడా వద్దు. దాని బదులు నెల లెక్కలో 30 ఫ్లాట్లదీ పట్టిక పెట్టండి: ఫ్లాట్ నంబర్, కట్టింది, మిగిలింది. కట్టినవాళ్లూ అందులో ఉంటారు కాబట్టి అది అవమానం కాదు, లెక్క.

ఫ్లాటు అమ్ముతున్నారని తెలిస్తే రిజిస్ట్రేషన్ ఆపిస్తామని బెదిరించకండి. కొనేవాళ్లు, లోన్ ఇచ్చే బ్యాంకులు తరచూ నో డ్యూస్ (బకాయి లేదనే) సర్టిఫికెట్ అడుగుతారు. అడిగిన రోజే బకాయి పట్టిక ఇచ్చి, కట్టగానే సర్టిఫికెట్ ఇవ్వండి. పాత బకాయిలు ఎక్కువగా అలాగే తీరతాయి.

కమిటీ సభ్యుడి బకాయి ఉంటే మొదటి నోటీసు ఆయనకే వెళ్లాలి. మా ప్రెసిడెంట్‌గారికి రెండు నెలలది నేనే గుర్తు చేశాను. కాస్త ముఖం మాడ్చుకున్నారు, సాయంత్రానికి వేశారు.

11. పన్నుల సంగతి, క్లుప్తంగా

జీఎస్టీ: సభ్యుడికి నెలకు 7,500 రూపాయల వరకు మెయింటెనెన్స్‌కు మినహాయింపు ఉంది. మన పట్టణాల అపార్ట్‌మెంట్లకు దీంతో టెన్షన్ లేదు.

టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే అందులోంచి పన్ను కోయడం): రిజిస్టరైన సొసైటీ కాంట్రాక్టర్‌కు ఇచ్చే ఒకే బిల్లు 30,000 దాటినా, ఏడాదిలో మొత్తం లక్ష దాటినా పన్ను కోసి కట్టాలి. పై ఉదాహరణలో 42,000 లిఫ్ట్ ఏఎంసీ ఒకే బిల్లుగా వస్తే ఇది వర్తిస్తుంది. ఇలా కోసిన పన్ను కట్టడానికి కావాల్సిన టాన్ నంబరు తీసుకోండి.

ఆదాయపు పన్ను: సభ్యులు తమ ఖర్చులకు తాము వేసుకున్న డబ్బు మీద పన్ను లేదు. కార్పస్ ఎఫ్‌డీపై వచ్చే బ్యాంకు వడ్డీ మాత్రం ఆదాయమే. ఏడాదికోసారి సీఏకు చూపించండి.

12. నెలనెలా లెక్క చూపడం, పని అప్పగించడం

ప్రతి నెల 5వ తేదీలోపు ఒక్క పేజీ గ్రూపులో పెట్టండి: నెల మొదటి నిల్వ, వచ్చింది, పోయింది, చివరి నిల్వ, బ్యాంకు బ్యాలెన్స్ ఫొటో, బకాయి పట్టిక. 5,000 దాటిన ప్రతి బిల్లు ఫొటో కూడా. ఈ పేజీ మొదలుపెట్టిన మూడో నెలకు, ఎవరూ అడగకుండానే మా దగ్గర నలుగురు పాతది వేశారు.

కమిటీలో లేని ఇద్దరిని మూడు నెలలకోసారి పుస్తకాలు చూడమనండి. ఒకరు లెక్క తెలిసిన రిటైర్డ్ ఉద్యోగి, ఇంకొకరు మీ మీద ఎప్పుడూ అనుమానపడే మనిషి. ఆ రెండో ఆయన్ను తప్పకుండా పెట్టండి.

మార్చి 31తో లెక్క ముగించి, ఆడిట్ చేయించి, జూన్‌లోపు సర్వసభ్య సమావేశం పెట్టండి. కొత్త కమిటీ వస్తే ఇవి సంతకంతో అప్పగించండి:

☐ పాస్‌బుక్, చెక్కుబుక్కు, ఎఫ్‌డీ రసీదులు
☐ రసీదు పుస్తకాలు, వాడనివి కూడా, నంబర్లు రాసి
☐ ఫ్లాట్ ఖాతాల రిజిస్టర్, మినిట్స్ పుస్తకం
☐ వాయిదా ఒప్పందాల అసలు కాగితాలు
☐ మూడేళ్ల గడువు దగ్గరపడుతున్న బకాయిల జాబితా
☐ పాన్, టాన్, ఆదాయపు పన్ను లాగిన్ వివరాలు
☐ బ్యాంకులో సంతకాలు మార్చిన తీర్మానం

చివరిది మరిచిపోవడం మామూలే. నేను దిగిపోయాక ఐదు నెలల దాకా లిఫ్ట్ చెక్కు మీద నా సంతకం కోసం కొత్త ట్రెజరర్ మా ఇంటికి వస్తూనే ఉన్నాడు.